తాత కలిపేసిన రెండు ఒడ్లు

ఏ పైన్ మొక్కనైనా మొహం చూసి, అది సముద్రానికి ఏ ఒడ్డుదో చెప్పగల మొనగాడు ఈ భూమ్మీద మా తాత ఒక్కడే. చెట్లను పుట్టించిన దేవుడికి అనుమానం వచ్చినా మా తాతనే అడగాలి.

అలాంటి మొనగాడే ఈమధ్య కొంప ముంచాడు.

తాత అటవీశాఖ నర్సరీలో నలభై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాడు. మా ఊరికీ ఎదుటి దీవికీ మధ్య జలసంధి ఉంది. దీవిలో గాలివానకు కూలిన చెట్ల చోట నాటడానికి, అక్కడి గింజలతోనే మూడేళ్లుగా వంద మొక్కలు పెంచాడు. పక్కనే మా ఒడ్డు మొక్కలు ఇంకో వంద. ఏవి ఎక్కడివో ట్రేల మీద రాసి ఉంది కానీ కుండీల మీద లేదు. తాతకేమో వరస పిచ్చి. ఇంట్లో చెప్పులు కూడా సైజు ప్రకారం పేరుస్తాడు. ఒకరోజు పొట్టివి ముందు, పొడుగువి వెనక అంటూ రెండు వందలూ ముచ్చటగా సర్దేశాడు.

అటవీశాఖ ల్యాబు మేడమ్ చూసి తల పట్టుకుంది. "ఏంటి తాతగారూ, రెండూ కలిపేశారా?"

"రెండూ పైన్ మొక్కలే కదా మేడమ్?" అని మధ్యలో దూరాను.

"పేరు ఒకటే. కానీ మధ్యలో సముద్రం అడ్డం. ఇటు పుప్పొడి అటు చేరేది చాలా తక్కువ. వేల ఏళ్లు అటువి అటే, ఇటువి ఇటే వియ్యమందుకుంటే జన్యువులు వేరైపోవా? ఇక్కడివి ఆ గాలికి తట్టుకుంటాయో లేదో! ఏది ఏ ఒడ్డుదో తేలకపోతే అన్నీ పారెయ్యాల్సిందే."

ఎనిమిదో తరగతి దాటని నాకే అర్థమైంది. తాత మొహం మాడిపోయింది. మూడేళ్ల చాకిరీ మరి! మేడమ్ ప్రతి కుండీకీ నంబరు అంటించి, సూదిలాంటి ఆకు ఒక్కోటి తెంపి పరీక్షకు పట్టుకెళ్లింది. దీవికి పడవ రెండు వారాల్లో బయలుదేరుతుంది.

తాత ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే బోర్లా పడుకుని మొగ్గలు చూశాడు.

"మనవి తొందరగాళ్లు. నాలుగు రోజులు ఎండ తగిలితే చిగురేస్తాయి. దీవివి బద్ధకస్తులు, చలిగాలి పోతేగాని కళ్లు తెరవవు" అంటూ ఒక్కోటీ దీవివి అటు, మావి ఇటు జరిపి వందేసి చేశాడు.

"లే తాతా, నడుం పట్టేస్తుంది."

"పడితే లేపడానికి దున్నపోతులా నువ్వున్నావుగా!"

పడవ బయలుదేరే ముందురోజు మేడమ్ ఫలితాల కాగితం తెచ్చి నంబర్లు సరిచూసింది. రెండు వందల్లో తాత పొరబడింది ఎనిమిది మొక్కల దగ్గరే. ఆవిడ నోరెళ్లబెట్టింది.

నేను గంతులేశాను. "తాతా, ల్యాబుకు తాళం వేయించి నిన్నే కూర్చోబెట్టాలి!"

"వాగింది చాలు. దీవి మొక్కల్లో మనవి ఇంకా నాలుగున్నాయి, ముందు అవి లాగు."