కెర్నెల్‌కు కునుకు మాన్పించిన రోజు

ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీని పసుపు రంగులో ముంచెత్తడానికి తుపాను అక్కర్లేదు. నాలాంటి ఇంజినీరు ఒకడు ఉంటే చాలు. ఆ ఘనకార్యం బంగారుపాళ్యంలో, మా మామ ఫ్యాక్టరీలో జరిగింది. మామ ఇప్పుడు లేడు. ఉంటే ఈ కథ ఆయనే చెప్పేవాడు, ఇంకో రెండు డ్రమ్ముల గుజ్జు కలిపి.

డబ్బాలు నింపే మిషను నడిపే ప్రోగ్రామ్ నేనే రాస్తానన్నాను. అదీ మామూలు ప్రోగ్రామ్ కాదు. కంప్యూటర్లో అన్నిటి మీదా పెత్తనం చేసే కెర్నెల్ లోపల. చెన్నై నుంచి కొనుగోలుదారు వస్తున్నాడు. ఆయన మెచ్చితే ఆ సీజన్ ఆర్డరు మామది. లేకపోతే యార్డులో పోసిన తోతాపురి కాయలు అక్కడే కుళ్లిపోతాయి.

డబ్బా దాదాపు నిండాక, చివరి కొసరు కోసం వాల్వు రెప్పపాటు కన్నా తక్కువసేపు తెరిచి మూయాలి. "తెరువు, కాస్త నిద్రపో, మూయి" అని రాశాను. కెర్నెల్‌కు ఒక అలవాటు ఉంది. ఎంత చిన్న నిద్ర అడిగినా, తన గంట మోగితేనే లేస్తుంది. నగరిలో దిగాల్సినవాడు చెన్నై బస్సులో కునుకు తీసి తిరుత్తణిలో లేచినట్టు, ప్రతిసారీ ఆలస్యంగా లేచింది. డబ్బాలు పొంగి పొర్లాయి.

"ఏమప్పా, అన్నీ కారతా ఉండాయే?" అన్నాడు మామ.

"టయానికి లేయలేదు మామా. రేపటికి సరిచేస్తా."

సరిచేశాను. నిద్ర అనే మాటే తీసేశాను. "మేలుకొని గడియారాన్నే చూస్తూ ఉండు" అని రాశాను. వాల్వు అద్భుతంగా మూసుకుంది. ఆ సంబరంలో, డబ్బాకూ డబ్బాకూ మధ్య ఆగే సమయంతో సహా, ప్రోగ్రామ్‌లో ఎక్కడ ఆగాల్సి ఉన్నా అదే రాసేశాను. గడియారం చూసే కెర్నెల్ ఇంకే పనీ చేయదన్న సంగతి పుస్తకంలో చదివాను. ఆపే బటను మాట వినాల్సింది కూడా అదే కెర్నెల్ అన్న సంగతి మాత్రం తట్టలేదు.

కొనుగోలుదారు తెల్ల చొక్కాలో వచ్చి, వాల్వు పక్కనే నిలబడ్డాడు. ఒక డబ్బా ఒరిగి బెల్టు మీద అడ్డం పడింది. వెనక డబ్బాలు ఆగాయి. వాల్వు ఆగలేదు. కింద డబ్బా ఉందో లేదో చూసే తీరిక గడియారం చూస్తున్న కెర్నెల్‌కెక్కడిది? పడిన డబ్బా వీపు మీద గుజ్జు దూకి, అక్కడి నుంచి ఆయన చొక్కా మీదికి ఎగిరింది. ట్రయల్ కదా అని గుజ్జు వేడి చేయలేదు. పాఠకులారా, ఈ కథలో నా తెలివి కనిపించేది అక్కడొక్కచోటే.

"ఆపప్పా!" అని అరిచాడు మామ.

"నొక్కతానే ఉండా మామా!"

"గట్టిగా నొక్కు!"

"యెంత నొక్కినా వినదు. గడియారం సూస్తా ఉండాది!"

"గడియారం సూసేదానికి దానికేమన్నా ముహూర్తం ఉండాదా?"

అత్త బకెట్టుతో పరిగెత్తుకొచ్చింది. "మొన్న నిద్రపోయిందంటివే, ఈ పొద్దు ఏమొచ్చింది దీనికి?"

"ఈ పొద్దు నిద్రపోదత్తా. అదే ఇప్పుడు వచ్చిన తంటా."

మామ గుజ్జులో జారుతూ వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాడు. ఫ్యాక్టరీ అంతా నిశ్శబ్దం. కొనుగోలుదారు మీసం మీద నాలుక ఆడించాడు. మళ్లీ ఒకసారి ఆడించాడు.

"రుచి బాగుండాది. ఆర్డరు మీకే," అన్నాడు. "అయితే ఒక కండిషను. డబ్బాలు చేత్తోనే పట్టాల. ఆ అబ్బాయి ఈ పక్కకే రాకూడదు."

ఆయన కారెక్కిపోయాక మామ నా భుజం మీది గుజ్జు వేలితో తీసి, తీరిగ్గా చూశాడు.

"పండుకుంటే టయానికి లేయదు. మేల్కోని ఉంటే పిలిస్తే పలకదు. అచ్చం నీ మాదిరే సేసినావు కదప్పా!"

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రెప్పపాటు లోపలి పనికి కెర్నెల్‌ను మేలుకోబెడతాను. అంతకు మించితే నిద్రపుచ్చుతాను. ఆపే బటను తీగను మాత్రం నా తెలివితేటలు తగలకుండా నేరుగా మెయిన్ స్విచ్‌కే కలుపుతాను.