చూడకుండా రాసిన ‘ఏమీ లేదు’

మా ఆఫీసులో నా పని చదవడం. మాకు పనిచ్చే మందుల కంపెనీ మాత్రలు మింగిన వాళ్లకు ఎక్కడైనా ఏమైనా అయిందా అని ప్రతి సోమవారం వైద్య పత్రికల వెబ్‌సైట్లు వెతకాలి. దొరికితే కేసుగా రాసి కంపెనీకి పంపాలి. దొరక్కపోతే షీట్లో ‘ఏమీ లేదు’ అని రాసి, పక్కన నా పేరు.

ఆ సోమవారం ఒక పత్రిక తెరవబోతే స్క్రీనంతా ఎర్రగా అయింది. ఇది ప్రమాదకరమైన సైటు, వెనక్కి వెళ్లండి అని. ఏదో జిల్లా మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లు నడుపుకునే పత్రిక అది, ఏళ్లుగా చదువుతున్నాను. దాంట్లో ప్రమాదమేదైనా ఉంటే వాళ్ల ఇంగ్లిషే.

మా టీమ్ లీడ్‌ను పిలిచాను. నా కొడుకు వయసువాడు, కాకినాడ వైపు.

“సెర్చ్ ఇంజనే డేంజర్ అంటుంటే మనమెంతండీ మేడమ్. ‘ఏమీ లేదు’ అని పెట్టేయండి.”

“చూడకుండ లేదని ఎట్ల రాస్తం బాబు? తలుపు తీయకుండనే ఇంట్ల ఎవ్వరు లేరంటవా?”

“తీస్తే ఐటీ సెక్యూరిటీ వాళ్లకు మెయిల్ పోతుందండి. ఇప్పుడు పైన తీసేసేవాళ్ల లిస్టు తయారవుతోంది, మీకు తెలుసు కదా.”

తెలుసు. ముందు వారమే మా వరుసలో ఇద్దరి బ్యాడ్జీలకు గేటు తెరుచుకోలేదు. ఇద్దరిదీ నా వయసే. ఆటోవాడి నుంచి అపార్ట్‌మెంటు సెక్రటరీ దాకా ఎవరినీ వదలని నేను, నోరు మూసుకుని ‘ఏమీ లేదు’ అని రాశాను. తర్వాతి సోమవారం కూడా. మూడో సోమవారం చెయ్యి దానంతట అదే రాసేసింది. అప్పుడు పుట్టింది భయం.

సాయంత్రం కొత్తగూడలో బస్సు దిగి నా ఫోన్లో ఆ సైటు పెట్టి చూశాను. మళ్లీ ఎరుపే. ఉత్త అబద్ధమని తెలిసి కూడా వేలు ముందుకు పోలేదు. ఫోన్లో బ్యాంకు ఉందాయె.

మర్నాడు పాత సంచికలో ఉన్న ఎడిటర్ నంబరుకు ఆఫీసు మెట్ల దగ్గర నుంచి ఫోన్ చేశాను.

“మా దాంట్లో వైరసూ లేదు, పాడూ లేదమ్మా,” అన్నాడు పెద్దాయన. “సరిచేయమని ఆ సెర్చ్ ఇంజన్ వాళ్లకు రాస్తూనే ఉన్నాం, అటువైపు మనిషే లేడు. మీకేం కావాలి?”

మా మాత్ర పేరు చెప్పాను. కాసేపు కాగితాల చప్పుడు.

“ఉందమ్మా, కొత్త సంచికలో. ఒకావిడకు లివర్ దెబ్బతింది. కంపెనీ వాళ్లు చూసే ఉంటారనుకున్నాం.”

ఆవిడ బతికిందా అని అడిగాను. మాత్ర ఆపాక కోలుకుందని చెప్పాడు. అయినా ఈ మూడు వారాలూ ఆపమని చెప్పేవాళ్లు లేక ఇంకా ఎవరెవరు మింగుతున్నారో.

మెయిల్ లీడ్‌కు కాదు, అతని పైవాళ్లకు రాశాను. కేసు వివరాలు, కింద ఒక మాట: మూడు వారాలు సైటు తెరవలేదు, ‘ఏమీ లేదు’ అని రాసింది నేనే.

లీడ్ వచ్చాడు. “నన్నడిగి పంపొచ్చు కదండీ.”

“అడిగితే ఆగుమంటవు. నేను ఆగుత.”

పక్క కుర్చీలో కూర్చున్నాడు. “మేడమ్, ఎర్ర పేజీ వేరే పత్రికలకూ వచ్చిందండి. మిగతావాళ్లకూ అదే చెప్పాను.”

“ఏ పత్రికలు?”

“గుర్తు లేదండి.”

షీటు తెరిచాం. పై నుంచి కింది దాకా ‘ఏమీ లేదు’, ‘ఏమీ లేదు’. చూసి రాసిందేదో, చూడకుండా రాసిందేదో పోల్చుకునే దారి లేదు. మొదటి గడి నుంచి ఒక్కో పత్రికా మళ్లీ చూడడం మొదలుపెట్టాం.