శ్రుతి మేస్త్రి చెవి

గిటార్లు బాగుచేసే అతన్ని వీధంతా శ్రుతి మేస్త్రి అంటుంది. శ్రుతి చూపే మీటరు కొనుక్కోమని ఎవరన్నా సలహా ఇస్తే, "చెవులున్నవాడికి ముల్లుతో పనేంటి?" అని నవ్వేసేవాడు. ఆ నోటిదురుసే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

బల్ల మీదున్నది డెబ్బై ఏళ్ల నాటి ఆర్చ్‌టాప్ గిటారు. వయొలిన్‌లా పొట్ట ఉబ్బి ఉంటుంది. తీగలను మోసే చెక్కముక్కని, అంటే బ్రిడ్జిని, అతికించరు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది; అది కాస్త జరిగినా శ్రుతి తప్పుతుంది. లోపల ఊడిన చెక్కపట్టీ అతికించడానికి మేస్త్రి తీగలన్నీ తీశాడు. బ్రిడ్జి ఉన్నచోట గుర్తుగా కాగితం ముక్కలు అంటించాడు. తీరా మురికి తుడిచే ఉత్సాహంలో వాటినీ తనే పీకేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేముంది?

కొలిస్తే చోటు ఇంచుమించుగా దొరుకుతుంది. ఆఖరి వెంట్రుకవాసి మాత్రం చెవే చెప్పాలి. సన్నతీగల దగ్గర రెండేళ్లుగా అతనికి తేడా తెలియడం లేదు. మామూలు గిటార్లకు బ్రిడ్జి కదలదు కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది. ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఐదింటికి గిటారు యజమాని వస్తాడు. బ్యాండులో ముదిరినవాడు, పాము చెవులు. రేపే ఆయన కచేరీ. మేస్త్రి బ్రిడ్జి జరిపాడు, మీటాడు, మళ్లీ జరిపాడు. ఇది తప్పితే పేరూ పోతుంది, పనీ పోతుంది.

"ఇంకొంచెం వెనక్కి జరపండి," అంది గుమ్మంలోంచి భార్య.

"నీకేం తెలుసు?"

"ముప్పై ఏళ్లుగా గోడవతల వింటున్నా. రెండేళ్ల నుంచి సన్నతీగ తేడాగానే పలుకుతోంది. మీరే అడుగుతారేమోనని చూస్తున్నా."

తల కొట్టేసినట్టయింది. కోపమూ వచ్చింది. గడియారం చూసి దాన్ని దిగమింగాడు.

"జరిపాను. ఇప్పుడు?"

"ఎక్కువైంది. అందులో సగం ముందుకి జరపండి."

యజమాని వచ్చి, కళ్లు మూసుకుని చాలాసేపు వాయించాడు. "చెవంటే నీదయ్యా మేస్త్రీ," అన్నాడు.

ఆ మాట పుచ్చుకుని ఊరుకోవచ్చు. మేస్త్రికి మనసొప్పలేదు.

"నాది కాదు సార్, మా ఆవిడది. నాకు సన్నతీగలు సరిగ్గా వినబడటం లేదు."

అన్నాక తలెత్తలేకపోయాడు. యజమాని గిటారు ఒళ్లోనే పెట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"ఏమ్మా, బాగుందా మరి?"

"రెండో తీగ పై మెట్ల దగ్గర ఇంకా కొంచెం శ్రుతి తప్పుతోందండీ," అంది ఆవిడ. "ఇంకో పావుగంట కూర్చోండి."

ఆయన ఇంకోసారి మీటి విన్నాడు. గిటారు మేస్త్రి చేతికిచ్చి కూర్చున్నాడు.