వరసగా తొమ్మిది బొమ్మలు

ఒక్క మాట. దాన్ని మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఇంట్లో చెప్పలేదు, నాతో పనిచేసినవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యాభైల్లో సంగతి. మద్రాసులో ఒక కాలేజీలో గణితం ఆనర్సు మొదటి ఏడాది. సంభావ్యత చెప్పే లెక్చరరు గారు సూత్రం ముందు చెప్పేవారు కాదు. లెక్క ఇచ్చి, మీ తంటాలు మీరు పడండి అనేవారు. మొదటి లెక్క ఇది: ఇద్దరిద్దరు జతగా కూర్చుని నాణెం అయిదువందల సార్లు ఎగరెయ్యాలి. ఒకరు విసిరితే రెండోవారు తన నోటుబుక్కులో బొమ్మా, బొరుసా రాసుకోవాలి. కింద విసిరినవాడి పేరు వెయ్యాలి. మర్నాడు చేతులు మారాలి.

నా జత దామోదరం. చింతాద్రిపేటలో నేతపనివాళ్ల అబ్బాయి. వాళ్ల ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటివాడు.

మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాం. రాజు తల ఉన్న పాత అర్ధరూపాయి. నేను విసిరాను, అతను రాశాడు. మూడువందలు దాటాక రాజు తల వరసగా తొమ్మిదిసార్లు పడింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాటికి నాకు విసుగు పుట్టింది. ఇంట్లో నేనే చేసుకుంటానని దామోదరానికి చెప్పాను. మైలాపూరులో మా ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని, నాణెం ముట్టుకోకుండా, అయిదువందలూ తోచినట్టు రాసేశాను. మూడు బొమ్మలు వరసగా రాసేసరికి చెయ్యి దానంతటదే బొరుసు వైపు పోయేది. నిజం అలాగే ఉంటుందనుకున్నాను. కింద దామోదరం పేరు వేశాను.

వారం తరవాత లెక్చరరు గారు నా పుస్తకం పైకెత్తి క్లాసంతటికీ చూపించి, బొమ్మా బొరుసూ ఎంత సమంగా కలిసిపోయాయో చూడమని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే మా ఇద్దరినీ తన గదికి పిలిచారు. బల్ల మీద దామోదరం పుస్తకం తెరిచి ఉంది. తొమ్మిది బొమ్మల చుట్టూ ఎర్రసిరా.

"ఇదేందప్పా? కూర్చున్న చోటనే బొమ్మ, బొమ్మ అని గీకేసినావా?"

"లేదు సార్, పడినాయి. విసిరింది ఇతనే. అడగండి."

ఆయన నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు. తొమ్మిది పడినాయా?"

అవునంటే ఏమవుతుంది? నా పుస్తకానికి విసిరింది నువ్వేనా అని దామోదరాన్ని అడుగుతారు. నా బుర్ర అంతవరకే పోయింది.

"గుర్తులేదు సార్," అన్నాను.

బయటికి వచ్చాక దామోదరం నా మొహంలోకి చూశాడు. "గుర్తులేదా? రాజు గద్దె దిగనంటాండాడు అని ఆడ కూర్చోని నవ్వింది నువ్వే గదరా?" నేను మెట్ల వైపు నడిచాను. "సరి, పో," అన్నాడు. నా పుస్తకం కింద తన పేరు ఉండటం అతను క్లాసులోనే చూశాడు. వెనక్కి వెళ్లి ఆ సంగతి చెప్పవచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నా మీద జాలా, అసహ్యమా? అడిగే ధైర్యం నాకు ఏనాడూ లేకపోయింది.

ఇంతవరకూ భయం అనుకోవచ్చు. నేను దాచింది దీని తరవాతిది.

ఆనర్సులో ఎవరిని ఉంచాలో అర్ధ సంవత్సరం చివర తేలుస్తారు. దానికి పదిరోజుల ముందు, నాణెం వరసగా ఒకే వైపు పడటం మీద లెక్కలు చేస్తున్నాం. బస్సు కోసం నిలబడి మా తొమ్మిది బొమ్మల లెక్క నా అంతట నేనే ఒక కాగితం మీద వేసి చూశాను. అయిదువందల విసుర్లలో ఎక్కడో ఒకచోట ఒకే వైపు వరసగా తొమ్మిది పడే అవకాశం సగానికి పైనే. తప్పు పోయిందేమోనని మళ్లీ వేశాను. అంతే వచ్చింది. అంటే అనుమానించవలసింది తొమ్మిది ఉన్న పుస్తకాన్ని కాదు, నాలుగు కూడా లేని నా పుస్తకాన్ని. ఆ కాగితం లెక్చరరు గారి బల్ల మీద పెడితే చాలు, నేను నోరు విప్పే పని కూడా లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు నేను కంగారుపడలేదు. ఏది పోతుందో, ఏది మిగులుతుందో అన్నీ చూసుకునే మడిచాను.

దొంగలెక్క రాశాడని దామోదరాన్ని ఆనర్సు నుంచి తీసేశారు. కొన్నాళ్లు మామూలు క్లాసులకు వచ్చాడు, తరవాత మానేశాడు. మగ్గం మీద కూర్చున్నాడని ఎవరో అన్నారు. బస్సు చింతాద్రిపేట దాటేటప్పుడు నేను రెండో వైపు కిటికీలోంచి చూసేవాణ్ణి.

నేను లెక్చరర్నయ్యాను. ఏటా అదే నాణెం లెక్క ఇచ్చాను. దొంగరాతలు రాసిన పుస్తకాన్ని ఒక్క చూపులో పట్టేసేవాణ్ణి. పిల్లలు ఆశ్చర్యపోయేవారు. ఎలా పడతారు సార్ అని అడిగితే అనుభవం అనేవాణ్ణి. అది అబద్ధం కాదు.

అతను ఉన్నాడో లేడో తెలియదు. ఇది అతని కంట పడుతుందనీ అనుకోను. పడినా క్షమించమని అడగను. ఆ రోజు ఆ గదిలో చెప్పవలసినది ఇప్పుడు చెప్పేస్తే చాలు.

తొమ్మిదీ పడ్డాయి సార్. నేనే విసిరాను. నాకు గుర్తుంది.