అడిగి ఎక్కించుకున్న పేరు

మా ఊళ్ళో గోడ మీద జాబితా అంటించారంటే అది మంచిదే అయి ఉంటుంది. ఇళ్ళ స్థలాలు, పింఛన్లు, పంట నష్టం, ఏదైనా సరే, పేరున్నవాడు అదృష్టవంతుడు. లేనివాడు నాయకుడి ఇంటికి పరుగెత్తాలి. పైన ఏం రాశారో చదివే అలవాటు మాకెవరికీ లేదు. నేను ఇంటర్ పాసయ్యాను. నాకూ లేదు.

అందుకే మార్కాపురంలో నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ గేటుకు కాగితం అంటించిన రోజు, పైనున్న ఇంగ్లీషును వదిలేసి అందరం కింది తెలుగు పేర్ల మీద పడ్డాం. ముప్పై నాలుగు పేర్లున్నాయి. నాది లేదు. పొదిలి రోడ్డులో కొత్త యూనిట్ పెడతారని అప్పటికే పుకారు. జీతం పెంచి అక్కడికి తీసుకుపోయేవాళ్ళ జాబితా ఇదేనని ఎవరో అన్నారు, మేం నమ్మాం. పేర్లున్నవాళ్ళు అందరికీ టీలు తాగించారు. కడుపు మండుతున్నా నేనూ ఒకటి తాగాను.

ఇంటికెళ్తే మా ఆవిడ ఊరుకుందా?

"పద్దెనిమిదేండ్లు రాయి కోసినావు, దుమ్ము మింగినావు. నిన్నగాక మొన్న వచ్చినోళ్ళ పేర్లుండాయి, నీది లేదా? నోరుండేది అన్నం తినేదానికేనా?"

ఆమె కోపంలో న్యాయం ఉంది. ఈ ఫ్యాక్టరీ తప్పితే ఈ పక్క మాకేముంది? వానల్లేని చేలు, దోర్నాలలో శ్రీశైలం యాత్రికుల హోటళ్ళు. కిందటి నెల పొదిలిలో జాబ్ మేళాకు వెళ్తే, టై కట్టుకున్నాయన నా వయసు అడిగి, "మీ అబ్బాయిని పంపండి అంకుల్" అన్నాడు. మా అబ్బాయి ఆరో తరగతి.

మరుసటి రోజు మా వార్డు నాయకుడి గుమ్మం ఎక్కాను. ఆయనా కాగితం చూడలేదు. నాయకులు చదవరు, ఫోన్లు చేస్తారు. "మావాడు మంచోడు. ఆ జాబితాలో పేరెక్కించు" అని మేనేజరుకు హుకుం జారీ చేసి, నా భుజం తట్టాడు.

మేనేజరు నన్ను వింతగా చూశాడు. "బాగా ఆలోచించుకున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. లంచం కోసం నసుగుతున్నాడనుకుని ఇంకా గట్టిగా దండం పెట్టాను. అయితే రాసివ్వమన్నాడు. "నా పేరు కూడా సదరు జాబితాలో చేర్చవలసిందిగా ప్రార్థన" అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత్రి ఇంట్లో సేమ్యా పాయసం.

సోమవారం పొద్దున వాచ్‌మన్ జాబితా పట్టుకుని గేటుకడ్డంగా నిలబడ్డాడు. పేరు లేనివాళ్ళను లోపలికి వదులుతున్నాడు.

"ఏంది మామా, నన్నెందుకు ఆపినావు?"

"నీ పేరు ఉండాది గదా అల్లుడా. ఆర్డర్లు లేవంట. ఈ ముప్పై ఐదు మందినీ తీసేసినారు."

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నలభై రెండేళ్ళకు తెలిసింది. మేనేజరు గదిలోకి దూరి, నా పేరు కొట్టేయమని ఏడ్చినంత పని చేశాను. నాయకుడు చెప్పి ఎక్కించిన పేరు తనెట్లా కొట్టేస్తానన్నాడు. పోనీ, మిగతావాళ్ళకిచ్చే పరిహారమైనా ఇవ్వమన్నాను.

"వాళ్ళను కంపెనీ తీసేసింది, ఇస్తాది. నిన్నెవరు తీసేసినారు? నువ్వే గదా అడిగినావు" అని ఫైలు తెరిచి, నా అర్జీ నా ముందు పెట్టాడు.

నా దస్తూరీ చిన్నప్పటి నుంచీ గుండ్రంగా, అందంగా ఉంటుంది. ఒక్క కొట్టివేత కూడా లేదు.