రైట్, రైట్

బెజవాడలో ఇంగ్లీషు పంతులుగా ఉన్న రోజుల్లో, నిజాం రాజ్యంలో ఒకసారి సూర్యాపేట నుంచి నల్లగొండకు బస్సులో వెళ్లాను. కేతేపల్లిలో ఒక అవ్వ నిండు చూలాలైన కోడలితో ఎక్కి నా పక్కన కూర్చుంది. కోడలికి మొదటి బిడ్డ పురిట్లోనే పోయిందట. ఈసారి కాన్పు దవాఖానలోనే కావాలని అవ్వ పట్టుబట్టింది. ఇద్దరికీ బస్సెక్కడం అదే మొదలు.

కండక్టరు "రైట్, రైట్" అని అరవగానే బస్సు కదిలింది. అవ్వ ఉలిక్కిపడింది.

"గాయన ఏమంటుండు పంతులూ?"

"ఆల్‌రైట్ అన్న మాటను సగం మింగేశాడు. అంతా బాగుందని అర్థం," అన్నాను చిరాగ్గా. "బాగుందో లేదో చూడనైనా చూడడు."

"చూడకుంటె ఏంది? పొయ్యేటప్పుడు మంచిమాటనే అనాలె."

కట్టంగూరులో ఆగిన బస్సు మళ్లీ కదలబోతుంటే, కండక్టరు కంటే ముందు అవ్వే "రైట్, రైట్" అంది.

నల్లగొండలో దవాఖాన ముందు దిగారు. గేటు చూడగానే కోడలు ఆగిపోయింది.

"భయమైతాంది అత్తా. పోయినసారి లెక్కనే అయితే?"

అవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసి, అచ్చం కండక్టరు గొంతుతో అరిచింది. "రైట్, రైట్!"

బస్సంతా నవ్వింది. కోడలు కన్నీళ్లతోనే నవ్వి, అడుగు ముందుకేసింది.

ఆ కాన్పు ఏమైందో నాకు తెలియదు. బళ్లో పిల్లలు ఆ మాటకు అర్థం అడిగితే మాత్రం "అంతా బాగుంది" అని చెప్పడం మానేశాను. "ఏం గాదు, నడువ్" అని చెప్పేవాణ్ణి.