మేడ మీది నుంచి పడ్డ సైకిలు

భద్రాచలం మిషన్ దవాఖానాలో స్టోర్ కీపర్ జకర్యాకు ఒకే ఒక్క పిచ్చి. ఊరు దాటబోయే ఏ వస్తువునైనా తానే కట్టాలి. కట్టాక స్టోరు మేడ మీది నుంచి కిందికి పడేసి చూడాలి. ఈ పిచ్చి మొదట చర్ల అడవి ఊళ్లకు బస్సు టాపు మీద పంపే సెలైన్ సీసాలతో పట్టుకుంది. ఆ రోడ్డు దెబ్బకు మనుషుల ఎముకలే ఆగవు, గాజెంత? మేడ మీది నుంచి పడి బతికిన సీసా చర్ల రోడ్డు మీదా బతుకుతుందని ఆయన సిద్ధాంతం. రానురాను అది ఊరందరి సామాను మీదికీ పాకింది.

ఒకసారి అదే ఊరి భారతమ్మ, విజయవాడలో ఉన్న పెద్ద కూతురికి పంపడానికి ఆవకాయ జాడీ ఇచ్చింది. సాయంత్రం దవాఖానా వైపు నుంచి దభీమని చప్పుడు. ఆవిడ గుండె పట్టుకుని పరుగెత్తింది.

"నా జాడీ ఏదయ్యా?"

"భద్రంగున్నదమ్మా. పడేసి చూసిన."

"పడేశాక భద్రమేంటయ్యా?"

జాడీ మాత్రం నూనె చుక్క కారకుండా విజయవాడలో దిగింది. ఆ తర్వాత పంపిన గోడ గడియారం దారిపొడవునా టిక్కు టిక్కుమంటూనే పోయిందట. ఆయన కట్టులో ఏదో మహిమ ఉందని ఊరు తీర్మానించింది.

ఎనభై ఆరు వేసవిలో ఆయన చేతికి సైకిలు వచ్చింది. భారతమ్మ చిన్న కూతురు హైమ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. సెలవులొస్తే సైకిలెక్కి ఊళ్లు తిరిగేది. లడాఖ్ కొండల్లో సైకిలు యాత్ర చేసే జట్టులో ఆమెకు చోటు దొరికింది. హైదరాబాదు దాకా బస్సు, అక్కడి నుంచి విమానం. సైకిలును విప్పి అట్టపెట్టెలో కట్టి ఇస్తేనే విమానంలో వేసుకుంటారు.

"కట్టి పెట్టండి బాబాయ్. పడేయడం మాత్రం వద్దు. అది సైకిలు, కొబ్బరికాయ కాదు."

"పడెయ్యకుంటె ఎట్ల తెలుస్తది బిడ్డా? ఇమానంల ఎక్కించెటోళ్లు దాన్ని జోకొడ్తరా ఏంది?"

దవాఖానా పక్కనే ఉన్న జకర్యా ఇంటి వరండాలో ఇద్దరూ పనికి కూర్చున్నారు. ఫోర్కు కాళ్ల మధ్య నుంచి ముందు చక్రం తీశారు. హ్యాండిల్ పక్కకు తిప్పారు. టైర్లలో గాలి వదిలారు. ఎడమ పెడల్ ఎంత తిప్పినా ఊడలేదు. "దాని మర మిగతావాటికి ఎదురు తిరుగుతుంది బాబాయ్," అని హైమ చెబితే ఆయన ఆ పెడల్‌ను కొత్త గౌరవంతో చూశాడు. గొలుసుకు పాత చీర ముక్క చుట్టి, సందుల్లో గుడారం, పడకసంచి, స్వెటర్లు కుక్కి, ఇంకా మిగిలిన చోట బూరుగు దూది దూర్చారు.

సాయంత్రం టార్చిలైటు కూడా పెట్టిద్దామని హైమ వస్తుంటే స్టోరు మేడ అంచున అట్టపెట్టె కనిపించింది. "బాబాయ్" అనేలోపే అది గాలిలో ఉంది. దభీమని పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

జకర్యా దిగి వచ్చి పెట్టెకు చెవి ఆనించాడు. "ముందు ఫోర్కు పోయినట్టున్నది. ఇప్పుడే తెలిసింది, మంచిదైంది. నువ్వు ఇంటికి పో బిడ్డా, పొద్దుగాల్లకు సరిచేస్త."

ఆ యాత్ర కోసం ఏడాదిగా కిన్నెరసాని దారుల్లో కాళ్లరిగేలా తొక్కిన మనిషి హైమ. ఇంటికి వెళ్లి అన్నం ముట్టకుండా పడుకుంది.

"నా జాడీకేం కాలేదుగా," అని తల్లి ఓదార్చింది.

"ఆవకాయకు ఫోర్కు ఉండదమ్మా."

తెల్లారి పోట్లాడదామనే వెళ్లింది. జకర్యా రిక్షా కోసం పోయాడట. వరండాలో పెట్టె మూత తెరిచే ఉంది. లోపల తన సైకిలు. గీత కూడా పడలేదు. ఫోర్కు కొనల మధ్య, చక్రం ఉండాల్సిన చోట, నిన్న లేని టేకు ముక్క ఒకటి బిగించి సెలైన్ గొట్టంతో కట్టి ఉంది.

"మరి నిన్న విరిగిందేమిటి పిన్నీ?"

జకర్యా భార్య విశ్రాంతమ్మ పెరటి వైపు చూపించింది. అక్కడ ఆయన నల్ల సైకిలు, ముందు కాళ్లు విరిగిన దూడలా గోడకు ఒరిగి ఉంది.

"ఆయన ఎవ్వరి వస్తువూ పడెయ్యడు బిడ్డా. గసొంటిదే మా ఇంట్లది కట్టి పడేస్తడు. అది యాడ పగుల్తదో చూసి, మీదానికి ఆడ గట్టిగ కడ్తడు. మీ అమ్మ జాడీకి నా జాడీలన్ని పోయినయ్. గడియారానికి మా గడియారం పోయింది. ఇప్పుడు ఈ ఇంట్ల టైమెంతయిందో ఎవ్వలకు తెల్వది."

"మాకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే మొహమాటపడి ఎవ్వరూ ఏదీ తేరంటడు."

అంతలో రిక్షా వెనకే నడుచుకుంటూ జకర్యా వచ్చాడు.

"బాబాయ్, మీ సైకిలు..."

"పాతది లే. బస్సు పోతది, జల్దీ పట్టు."

పెట్టెను రిక్షా సీటు మీదికి ఎక్కించి తాళ్లు బిగించారు. పక్కన ఒక్క మనిషికి ఎలాగో చోటుంది. ఎక్కమని ఆయన ఎంత చెప్పినా హైమ ఎక్కలేదు. పెట్టె పెళ్లికొడుకులా ముందు ఊరేగుతుంటే, చెరో పక్క చెయ్యి ఆనించి ఇద్దరూ బస్టాండుకు నడిచారు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా, మెల్లగా" అంటూ రిక్షావాడి ప్రాణం తీసింది జకర్యా కాదు, హైమ.